ఉట్టిలో ప్రభువు కుండ

గణపవరానికి దిగువన, వరిచేలు అయిపోయి కొల్లేరు మొదలయ్యే చోట, మురుగుకాలవ గట్టు కింద ఇరవై ఇళ్ళ పేట ఒకటి ఉండేది. ఇళ్ళంటే మట్టిగోడలు, తాటాకు కప్పులు. పంతొమ్మిది ఇళ్ళు కూలివాళ్ళవి, ఇరవయ్యోది ఉపదేశిగారిది. దాన్ని ఆనుకుని ఒక పెంకుల సావిడి. వారమంతా అది బడి, ఆదివారం నాడు గుడి. ఆ పేటలో మార్తమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ గురించి చెప్పుకోదగ్గ సంగతేదీ లేదని అక్కడ ఎవరినడిగినా చెప్పేవారు. ఊడ్పుల్లో ముందు వరస, కోతల్లో ముందు వరస, గుడిలో మాత్రం వెనక వరస. ఆ వెనక వరస కథే ఇది.

ఆ పేటలో క్రైస్తవుల ఇళ్ళన్నిట్లోనూ ఒక పద్ధతి ఉంది. అన్నానికి బియ్యం కడిగే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అవి ప్రభువు బియ్యం. నెలకోసారి ఆ కుండల్ని గుడికి పట్టుకెళ్ళి, మధ్యలో పరిచిన గోనెలో పోస్తారు. ఆ గోనె ఉపదేశిగారింటికి వెళుతుంది. ఉపదేశి అంటే పిల్లలకు పాఠం, పెద్దలకు వాక్యం చెప్పే మనిషి. ఆయనకు జీతం పేరుకే ఉంటుంది, పొయ్యి వెలిగేది ఆ పిడికెళ్ళ మీదే. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా అవి ఉపదేశిగారి బియ్యమని ఎవరూ అనరు, ప్రభువు బియ్యమనే అంటారు.

ఆ కుండని కింద పెట్టరు. కింద ఎలుకలుంటాయి, పిల్లులుంటాయి, వాటిని మించిన పిల్లకాయలుంటారు. అందుకని ఇంటి దూలానికి ఉట్టి కట్టి, అందులో ఉంచుతారు. దేవసహాయంగారు ఆ పేటకి ఉపదేశిగా వచ్చిన కొత్తలో ఇల్లిల్లూ తిరిగి, ప్రతి కుండ మెడ మీదా మేకుతో చిన్న సిలువ గీశారు. చెయ్యి కొంచెం వణికే మనిషేమో, ఒక్క సిలువా తిన్నగా వచ్చేది కాదు.

మార్తమ్మ పుట్టిందీ మెట్టిందీ క్రైస్తవుల ఇంటనే. ఆమె భక్తి చేతికి అలవాటైన భక్తి. పిడికెడు బియ్యం తీసి కుండలో వేసే చెయ్యి వేస్తూనే ఉండేది, మనసు మాత్రం మొగుడు తెస్తానని తేని ఉప్పు మీద ఉండేది. దాంట్లో తప్పు పట్టాల్సిందేమీ లేదు, మనలో చాలామంది భక్తి అంతే. మొగుడు బాలస్వామి తాడేపల్లిగూడెం రైసుమిల్లులో బస్తాలు మోసి, పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. ఒక్కతే కూతురు, రత్నం.

యాభై మూడో సంవత్సరం వానాకాలంలో, రత్నానికి మూడేళ్ళప్పుడు, కొల్లేరు పేట మీదికి వచ్చింది. తమ్మిలేరూ బుడమేరూ ఒక్కసారే పొంగి సరస్సులో పడ్డాయి. సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే. పైనుంచి వస్తున్నంత నీటిని అది లాగలేకపోయింది. పొద్దున కాలి మడమలు తడిపిన నీళ్ళు మధ్యాహ్నానికి నడుంలోతు వచ్చాయి. జనం పిల్లల్ని, మేకల్ని, చేతికందిన చాపల్ని పట్టుకుని కాలవ గట్టెక్కారు. మొగుడు మిల్లులోనే ఉండిపోయాడు, మార్తమ్మ ఒక్కతే రత్నాన్ని గట్టు మీద కూర్చోబెట్టి మళ్ళీ వెనక్కి దిగింది. ఇంట్లో తిండిగింజల కుండలు మూడూ నేల మీద ఉన్నవే. బోర్లపడి, బురదనీళ్ళు మింగి ఉన్నాయి. ఆమె తలెత్తి చూస్తే ఉట్టి ఎప్పటిలాగే దూలానికి వేలాడుతోంది, అందులో ప్రభువు కుండ పొడిగా ఉంది. దాన్ని దింపి, నెత్తిన పెట్టుకుని తెచ్చుకుంది.

గట్టు మీద పదకొండు రోజులు ఉన్నారు. తాటాకులు దడిగా కట్టుకుని, ఒక్కో కుటుంబం ఒక్కో గూడు చేసుకుంది. చేపలకి కరువు లేదు. కొల్లేటికోట నుంచి ముత్యాలరాజు అనే జాలరి తన తాటిదోనె మీద వచ్చి, రోజూ ఇన్ని చేపలు గట్టు మీద పోసి వెళ్ళేవాడు. డబ్బులివ్వబోతే, "నీళ్ళు తగ్గాక చూద్దాం లెండి" అనేవాడు. గింజలు మాత్రం అతని దగ్గరా లేవు, వాళ్ళ ఊరూ మునిగింది. పచ్చి కట్టెలతో సగం ఉడికిన చేపలు, ఉప్పు లేకుండా, మూడు పూటలా అవే. పెద్దవాళ్ళు ఎలాగో మింగారు, పసివాళ్ళ కడుపులు తట్టుకోలేదు.

మొదటి నాలుగు రోజులు పిల్లలందరికీ గంజి పోసింది ఉపదేశిగారి భార్య లిడియా. ఆమెకప్పుడు ఇరవై రెండేళ్ళు, చంకలో తోమా అనే ఎనిమిది నెలల మగపిల్లాడు. తన ఇంట్లో దక్కిన బియ్యమంతా తెచ్చి, పెద్ద తపేలాలో కాచి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి పోసేది. రత్నం నాలుగు రోజులూ ఆ చేతి గంజే తాగింది. అయిదో రోజుకి తపేలా బోర్లించేశారు.

మార్తమ్మ ఆరో రోజు దాకా ప్రభువు కుండ ముట్టుకోలేదు. ఆ సంగతి ఆమె తర్వాత తనకి తానే చాలాసార్లు చెప్పుకుంది. ఆరో రోజున రత్నం తిన్న చేపముక్కలన్నీ కక్కేసి, ఒళ్ళు కాలిపోతూ, "గంజి" అని ఒక్కటే మాట అంటూ పడుకుంది. అప్పుడు మూకుడు తీసింది. ఒక్క పిడికెడు తీసుకుని, దడి వెనక కూర్చుని కాచింది. ఆ గట్టు మీద అప్పట్లో ఎవరి పొయ్యి వంక ఎవరూ చూసేవారు కాదు. మర్యాదకి చూడటం లేదనుకుంది మార్తమ్మ.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం దేవసహాయంగారు గట్టు మీద ఒక చివర నుంచి గూడు గూడు దగ్గరా ఆగుతూ వచ్చారు. ఈమె దడి బయట నిలబడి, లోపలికి చూడకుండా నీళ్ళ వైపు తిరిగి అడిగారు.

"మార్తమ్మా, నీ ప్రభువు కుండ ఏమైనా దక్కిందా అమ్మా?"

ఎవరికోసం అడుగుతున్నారో ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు. లిడియాకి రెండు రోజులుగా జ్వరం. పాలు ఎండిపోయాయి. పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయని పొద్దున్నే గట్టంతా తెలిసింది. కుండలో ఇంకా రెండు పిడికెళ్ళున్నాయి. కుండ మీద చిరుగు దుప్పటి, దుప్పటికి ఆనుకుని రత్నం.

"లేదండి పంతులుగారూ," అంది మార్తమ్మ. "నీళ్ళలో కొట్టుకుపోయిందండి."

"పోనీలే అమ్మా. పిల్ల జాగ్రత్త," అని ఆయన పక్క గూటి దగ్గరికి వెళ్ళారు.

పదకొండో రోజు తెల్లారాక ఆఖరి పిడికెడు కాచి పోస్తే, రత్నం లేచి కూర్చుని, "ఉప్పేదే అమ్మా," అని అడిగింది. బిడ్డ దక్కిందని మార్తమ్మకి ఆ మాటతో తెలిసింది. అదే పూట గట్టు అవతలి చివర తోమా కన్ను మూశాడు. మధ్యాహ్నానికి ఏలూరు నుంచి బియ్యం పడవ వచ్చింది. పొడినేల ఇంకెక్కడా లేక పిల్లాణ్ణి గట్టు మీదే పూడ్చారు. ప్రార్థన చెయ్యడానికి వేరే ఎవరూ లేక తండ్రే చేశాడు. పడవలోంచి బస్తాలు దింపుతున్నవాళ్ళు ఆ కాసేపూ ఆగారు.

పసివాడికి విరేచనాలు పట్టుకుంటే గంజితో ఆగేవా అని పేట మంత్రసాని అంది. తల్లికి ఇంత గంజి పడినా పాలు రావడానికి రోజులు పట్టేదని ఇంకొకావిడ అంది. మార్తమ్మ ఆ మాటల్ని రెండు చేతులా పట్టుకుంది. నిజమే అయ్యుండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు. ఏది నిజమో చెప్పగల డాక్టరు ఆ నీళ్ళలో లేడు, ఆ తర్వాత చెప్పినా ప్రయోజనం లేదు. ఉన్న రెండు పిడికెళ్ళూ లేవని చెప్పిన నోరు మాత్రం తనదే.

నీళ్ళు తీశాయి. ఇళ్ళు కడుక్కున్నారు. మార్తమ్మకి ఇప్పుడొక చిక్కొచ్చింది. కొట్టుకుపోయిందన్న కుండని మళ్ళీ ఉట్టిలో ఎలా పెడుతుంది? పారెయ్యడానికి చేతులు రాలేదు, మెడ మీద సిలువ ఉంది. మూల వరిగడ్డి కింద బోర్లించి దాచి, సంతలో కొత్త కుండ కొనుక్కొచ్చింది. పేటలో అందరూ కొత్త కుండలే కొన్నారు. దేవసహాయంగారు మేకు పట్టుకుని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి, పంతొమ్మిది కుండల మీదా వంకర సిలువలు గీశారు. మార్తమ్మ ఇంట్లో గీస్తుంటే ఆమె గడ్డి ఉన్న మూలకి వీపు పెట్టి నిలబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఆ రోజు నుంచి ఒక పిడికెడు వెయ్యాల్సిన చోట రెండు వేసేది. అయినా మనసు కుదుటపడలేదు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దామంటే, దేవుడి మాట రావాల్సిన చోట ఆ పంతులుగారి మాట వినిపించేది, పోనీలే అమ్మా, పిల్ల జాగ్రత్త అని. ఆయన ఆ రోజు కసిరి ఉంటే, అనుమానంగా చూసి ఉంటే ఎంత బాగుండేదో అనుకునేది. ఆ మంచి మాట ముల్లై దిగింది. తీసేవాళ్ళెవరూ లేరు.

తాడేపల్లిగూడెం నుంచి అయ్యగారు, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం ఇచ్చే అధికారమున్న పెద్ద పాస్టరుగారు, ఏడాదికి నాలుగుసార్లు సైకిలు మీద వచ్చేవారు. సైకిలు వెనక చెక్కపెట్టెలో రొట్టె, ద్రాక్షారసం, వెండిగిన్నె ఉండేవి. ముందురోజు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూటం. తగాదాలున్నవాళ్ళు ఆ కూటంలోనే ఒకరినొకరు క్షమాపణ అడుక్కుని, మర్నాడు ప్రభువు బల్ల దగ్గరికి రావాలి. కోడిపెట్ట గురించి మూడు నెలలు తిట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు శనివారం కావలించుకుని ఏడ్చేవారు. సోమవారం కోడిపెట్ట మళ్ళీ పక్కింటి వడ్లు తినేది. ఆదివారం రొట్టె పంచే ముందు అయ్యగారు ఒక హెచ్చరిక చదివేవారు. తప్పు దాచుకుని ఈ బల్ల దగ్గరికి వచ్చేవాడు తినేది రొట్టె కాదు, తన శిక్షే అని. ఆ హెచ్చరిక గుడిలో అందరికోసం చదివేదే. మార్తమ్మకి మాత్రం అది తన పేరు పెట్టి చదివినట్టే ఉండేది.

వరద తర్వాత వచ్చిన మొదటి సంస్కారానికి జ్వరమంది. రెండోదానికి గణపవరం కూలికి పోయింది. ఆ తర్వాత సాకులు అయిపోయి, గుడికొచ్చి వెనక గోడకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అందరూ వరసలుగా లేచి వెళ్ళి మోకరించేవారు, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. ఏడాదికి నాలుగు, అయిదేళ్ళపాటు. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకం మూతికి పెట్టలేం కదా. మొగుడు ఊళ్ళో ఉండడు, ఏ తప్పు చేసిందో అని పేట గుసగుసలాడింది. ఆ మాట తిరిగి తిరిగి బాలస్వామి చెవిలో పడింది.

"ఏమే, నా మొహం చూసి చెప్పు. సంస్కారానికి ఎందుకు లేవట్లేదు?"

"నీకు సంబంధం లేదయ్యా. నన్నడక్కు."

"నాకు సంబంధం లేకపోతే ఇంకెవరికుంది?"

ఆమె పొయ్యి వైపు తిరిగిపోయింది. తేలు కుట్టిన దొంగ అరవలేడు. బాలస్వామి మంచివాడు గనక కొట్టలేదు. కానీ ఆ తర్వాత ఇంటికొచ్చినప్పుడల్లా తక్కువ మాట్లాడేవాడు, అది కొట్టినదానికంటే ఎక్కువే అయ్యింది.

లిడియాకి చెప్పేద్దామని మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి నూతి దగ్గర, ఇంకెవరో బిందె పట్టుకొచ్చారు. రెండోసారి ఇంటికి వెళితే ఆమె తోమా పొత్తిగుడ్డలు ఎండబెట్టి మడతపెడుతోంది, గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసింది. మూడోసారి లిడియానే ఎదురొచ్చి, "రత్నం అక్షరాలు బాగా దిద్దుతోంది మార్తమ్మక్కా, చదివించు," అంది. ఇంకేం చెబుతుంది. లిడియాకి ఆ తర్వాత పిల్లలు కలగలేదు. ఒక్కళ్ళు పుట్టినా చెప్పేద్దునని మార్తమ్మ ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఆ కడుపు పండాలని, తనకోసం కూడా చేసుకోలేని ప్రార్థన చెయ్యబోయి మానేసేది.

యాభై ఎనిమిది వేసవిలో దేవసహాయంగారికి బదిలీ కాగితం వచ్చింది. ముదినేపల్లి అవతల ఏదో ఊరు. ఆదివారం అయ్యగారొచ్చి సంస్కారమిస్తారు, సోమవారం పొద్దున్నే సామాన్ల బండి కడతారు. అంటే చెప్పడానికి మార్తమ్మకి ఆదివారం దాకానే గడువు. ఆ తర్వాత చెబుదామన్నా వినాల్సిన మనిషి ఉండదు, బతికున్నంతకాలం ఆ వెనక గోడే.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు బడిలో ఉండగా ఆమె గడ్డి తీసి, కుండ తుడిచి, కొంగు కింద పెట్టుకుని ఉపదేశిగారింటికి వెళ్ళింది. లిడియా వంటగిన్నెల్ని గోనెలో సర్దుతోంది.

"రా అక్కా, కూర్చో. చూశావా, ఇన్నేళ్ళలో ఏం కూడబెట్టామో. ఒక బండిక్కూడా సరిపోవు."

మార్తమ్మ కూర్చోలేదు. కొంగు తీసి కుండ కింద పెట్టింది. మెడ మీది సిలువ లిడియా వైపుకి తిప్పింది.

"ఇది కొట్టుకుపోలేదండి అమ్మగారూ. ఆ రోజు పంతులుగారు అడిగినప్పుడు నా దగ్గరే ఉందండి. దుప్పటి కింద దాచి, లేదని చెప్పానండి."

లిడియా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఒక్కటే ప్రశ్న అడిగింది.

"అప్పటికి ఇందులో ఎన్నున్నాయి?"

"రెండు పిడికెళ్ళండి."

లిడియా గిన్నె గోనెలో పెట్టింది. లేచి, లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుంది. మార్తమ్మ అరుగు మీద పొద్దు వాలేదాకా నిలబడింది. తలుపు తెరుచుకోలేదు. కుండ అక్కడే వదిలి ఇంటికొచ్చింది.

చెప్పేస్తే బరువు దిగుతుందని అయిదేళ్ళు అనుకుంది పాపం. దిగలేదు. తన ఇంట్లో ఉన్న బరువుని తీసుకెళ్ళి, కడుపుకోత పడ్డ మనిషి గుమ్మంలో పెట్టొచ్చానని అప్పుడర్థమైంది. శనివారం సిద్ధపాటు కూటానికి లిడియా రాలేదు, తలనొప్పని దేవసహాయంగారు చెప్పారు. మార్తమ్మ వైపు ఆయన ఎప్పటిలాగే చూశారు. ఆ చూపు చూసి, భార్య ఆయనకి చెప్పిందో లేదో పోల్చుకోలేకపోయింది.

ఆదివారం మొదటి గంట కొట్టారు. గంటంటే చూరుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. బాలస్వామి తెల్లచొక్కా వేసుకుని ముందే వెళ్ళిపోయాడు. మార్తమ్మ ఇంట్లోనే కూర్చుంది. ఇవాళ వెనక గోడ దగ్గరికి కూడా పోలేననుకుంది. దేవుడి దగ్గరికి వెళ్ళే దారులన్నీ లిడియా గుమ్మం మీదుగానే ఉన్నాయి, ఆ తలుపు మూసి ఉంది. ఇంక చెయ్యడానికి తన చేతిలో ఏమీ లేదు. ఎనిమిదేళ్ళ రత్నం జడ వేసుకుంటూ, "గుడికి రావా అమ్మా," అని రెండుసార్లు అడిగి ఊరుకుంది.

గుమ్మంలో నీడ పడింది. లిడియా తెల్లచీర కట్టుకుని, చేతిలో ఆ కుండ పట్టుకుని నిలబడి ఉంది. రెండు రోజులుగా నిద్ర లేని మొహం.

"పొయ్యి రాజెయ్యి అక్కా."

మార్తమ్మ రాజేసింది.

"ఇందులో రెండు పిడికెళ్ళు వెయ్యి."

వేసింది. నాలుగు గింజలు నేల మీద పడితే ఏరి వేసింది. లిడియా తనే కడిగి, ఎసరు పెట్టి, గొట్టంతో ఊదింది. పొగకి కళ్ళు తుడుచుకుంది, పొగకేనో కాదో. గంజి పొంగేదాకా ఇద్దరూ పొయ్యినే చూస్తూ కూర్చున్నారు. అప్పుడు లిడియా పొయ్యితో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఆ రోజు ఆయన గట్టు మీద పంతొమ్మిది కుటుంబాలనీ అడిగారు. పంతొమ్మిది మందీ ఒకటే మాట అన్నారు, కుండ కొట్టుకుపోయిందని."

మార్తమ్మ తలెత్తింది.

"నీళ్ళు వచ్చింది నడుంలోతు. ఉట్లేమో దూలాలకున్నాయి. పంతొమ్మిది కుండలు ఎలా కొట్టుకుపోతాయి అక్కా? ఆయన తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నారు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మాకు ఆ పూటే తెలుసు."

"తెలిసే... కొత్త కుండల మీద సిలువ గీశారా అండీ?"

"గీశారు. బిడ్డని పూడ్చిన ఆ చేత్తో గియ్యద్దన్నాను. పొద్దున్నే మేకు పట్టుకుని వెళ్ళిపోయారు." లిడియా కట్టె ఎగదోసింది. "ఒక్కళ్ళైనా వచ్చి చెబుతారేమోనని అయిదేళ్ళు చూశాను. మీ బియ్యమే వండుకుంటూ చూశాను. ఎవరూ రాలేదు. ఇంక బండెక్కుతాం అనుకుంటే నువ్వొచ్చావు. వచ్చినందుకు నీ మీదే కోపమొచ్చింది. పంతొమ్మిది మంది మీద రావాల్సిన కోపం నీ ఒక్కదాని మీద వచ్చింది."

"నన్ను క్షమించమని అడగడానికి నాకు నోరు లేదండి."

"అడక్కు. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు. క్షమించే మనసు ఇమ్మని రెండు రోజులుగా అడుగుతున్నాను. ఇంకా ఇవ్వలేదు. ఇచ్చేదాకా ఆగుదామంటే సంస్కారం ఇవాళ, బండి రేపు. అందుకని అది లేకుండానే వచ్చాను."

ఆమె గంజి దింపి, గిన్నెలో పోసి, ఊది ఊది చల్లార్చింది. రత్నాన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. సంస్కారం రోజు పెద్దవాళ్ళు ఏమీ ముట్టరు, పిల్లలకా నియమం లేదు. బడి చదువు చదువుతున్న పిల్లకి పసిదానికి పట్టినట్టు గిన్నె పట్టి, గుక్క గుక్కా తాగించింది. రత్నం సిగ్గుపడుతూనే తాగి, సగంలో మూతి తుడుచుకుని, "ఉప్పెయ్యలేదండి అమ్మగారూ," అంది.

మార్తమ్మకి అప్పుడు ఏడుపొచ్చింది. అయిదేళ్ళుగా కొంగులో కుక్కుకున్నదంతా వచ్చింది. లిడియా ఆమెని ఓదార్చలేదు. చిటికెడు ఉప్పు వేసి, మిగిలిన గంజి కూడా పిల్ల చేత తాగించి, గిన్నె కడిగి బోర్లించింది. కుండ కూడా కడిగి, గుమ్మం పక్కన ఎండలో పెట్టింది. రెండో గంట వినిపించింది.

"లే అక్కా. అయ్యగారు మొదలుపెట్టేస్తారు."

ఆ రోజు గుడిలో వరసలు లేస్తున్నప్పుడు వెనక గోడ దగ్గర నుంచి మార్తమ్మ లేచింది. లిడియా ఆమె మణికట్టు పట్టుకుని ఉంది. పట్టు గట్టిగానే ఉంది గానీ అందులో ప్రేమ ఉందో లేదో మార్తమ్మకి తెలియలేదు. తలలన్నీ తిరిగాయి. బాలస్వామి నోరు తెరుచుకుని చూశాడు. మిగతా పద్దెనిమిది ఇళ్ళ ఆడవాళ్ళూ చూశారు. అయిదేళ్ళుగా తన గురించి గుసగుసలాడిన మొహాలు అవి. ఆ మొహాల్లో ఒక్కొక్కదాని వెనకా ఒక్కో కుండ ఉందని మార్తమ్మకి ఇప్పుడు తెలుసు. కోపం రాలేదు. చెప్పేసుకోండర్రా అని చెప్పాలనిపించింది, చెప్పే హక్కు తనకి లేదు. వాళ్ళు ప్రతిసారీ ఆ బల్ల దగ్గరికి ఏం మోసుకొస్తున్నారో తలుచుకుంటే జాలేసింది.

మోకరించి అరచెయ్యి చాపింది. అయ్యగారు రొట్టెముక్క అందులో పెట్టారు. వేలిగోరంత ముక్క. తనకి ఇది తగదని ఆమెకి తెలుసు. తగదని తెలిసే చెయ్యి చాపిందనీ తెలుసు. పక్కన లిడియా చెయ్యీ అలాగే చాపి ఉంది, ఇంకా రాని క్షమించే మనసు కోసం. ఇద్దరికీ చేతుల్లో ఏమీ లేదు, ఇద్దరికీ పెట్టారు. పుట్టినప్పటి నుంచీ విన్న ప్రభువు పేరు మార్తమ్మ లోపలికి దిగింది అప్పుడే. అన్నం పెట్టేవాడిని ఆకలితో ఉన్నవాళ్ళే గుర్తుపడతారు కాబోలు.

సోమవారం బండి కట్టారు. సామాన్లన్నీ సర్దాక లిడియా ఎక్కి కూర్చుని, మార్తమ్మ గుమ్మం నుంచి తెచ్చుకున్న ఆ పాత కుండని ఒళ్ళో పెట్టుకుంది. అది చూసి పేటలో కొందరు ఆడవాళ్ళు తల దించుకున్నారు. బండి గట్టెక్కాక, తోమాని పూడ్చిన చోట ఒక నిమిషం ఆపారు. ఎవరూ దిగలేదు. మార్తమ్మ బండి వెనకే అక్కడిదాకా నడిచింది.

"వెళ్ళొస్తాం మార్తమ్మక్కా," అంది లిడియా. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. ఎద్దులు కదిలాయి.

ఇంటికొచ్చేసరికి పేట పిల్లలెవరో ఎగదన్నిన బంతి గుమ్మంలోంచి వచ్చి తగిలి ఉట్టిలో కొత్త కుండ పగిలి ఉంది. గింజలన్నీ నేల మీద కోళ్ళు తింటున్నాయి. ఇంకోరోజైతే మార్తమ్మ దాన్ని శకునం అనుకునేది. చీపురు తీసుకుని కోళ్ళని అదిలించి, పొయ్యి మీద ఎసరు పెట్టి, అన్నానికి బియ్యం తీసింది. చెయ్యి అలవాటు ప్రకారం అందులోంచి ఒక పిడికెడు ఎత్తింది. వెయ్యడానికి కుండ లేదు.

పిడికిలి మూసుకుని, ఖాళీ ఉట్టి కింద నిలబడింది. ప్రార్థన చేద్దామనుకుంది. కళ్ళు మూసుకుంటే పోనీలే అమ్మా అన్న మాటే మళ్ళీ వినిపించింది, అయిదేళ్ళలో మొదటిసారి పంతులుగారి గొంతుతో కాదు. ఎసరు మరిగి పొయ్యిలో పొంగుతున్నా ఆమె కళ్ళు తెరవలేదు.